తెలుగులో ‘దొంగ అర్థాలు’ ఆట ఎందుకు చప్పబడిపోతోంది? పదాలు ఎలా ఏరుకోవాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. పోయిన సంక్రాంతికి పలాసలో మీ ఇంట్లో పిల్లా పెద్దా పదిమంది చేరారు. బెంగళూరులో ఆఫీసు స్నేహితులతో ఆడిన బాల్డర్‌డాష్‌ని తెలుగులో ఆడిద్దామని చూశారు. ఒకరు ఎవరికీ తెలియని పదం చెప్తారు, మిగతావాళ్లు తలా ఒక అర్థం కల్పించి చీటీ మీద రాస్తారు, నిఘంటువులో ఉన్న అసలు అర్థాన్ని కూడా వాటిలో కలిపి చదువుతారు, అసలుది ఏదో పట్టుకోవాలి. మీ ఇంట్లో మూడు పదాలకే ఆట చప్పబడిపోయింది. ‘అంశుమాలి’ అనగానే పౌరోహిత్యం చేసే మీ బాబాయిగారు ‘సూర్యుడు’ అనేశారు. ‘ఏదు’ అనే పదానికి ‘శల్యమృగము’ అని చదవగానే అందరి వేళ్లూ దానివైపే లేచాయి. మూడోది ఏదో చెట్టు పేరు, దాని గురించి ఎవరికీ పట్టలేదు. తెలుగుకి ఈ ఆట నప్పదా, లేక మేమే ఎక్కడో తప్పు చేశామా అన్నది మీ ప్రశ్న. చదువు రాని మీ నాయనమ్మని ఎలా కలుపుకోవాలో కూడా అడిగారు.

నప్పుతుంది. బ్రహ్మాండంగా నప్పుతుంది. మీరు తప్పింది రెండు చోట్ల. ఎవరికీ తెలియని పదం వెతక్కండి, అందరికీ తెలుసనిపించే పదం వెతకండి. అసలు అర్థాన్ని నిఘంటువులో ఉన్నదున్నట్టు చదవకండి, మీ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోకి మార్చి చదవండి. ఈ రెండూ సర్దుకుంటే మిగతావన్నీ చిల్లర విషయాలు.

నేను విజయనగరంలో ఇరవయ్యారేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఈ ఆటని బడిలో ఖాళీ పీరియడ్లలో ఆడించాను, ఆమదాలవలస దగ్గర మా అత్తవారి ఊళ్లో ప్రతి పండక్కీ ఆడతాం, ఇప్పుడు మా వీధి అరుగు మీద కూడా నడుస్తోంది. మా ఇంట్లో దీని పేరు ‘దొంగ అర్థాలు’. ఇంగ్లీషువాళ్లు డిక్షనరీ ముందేసుకుని ఎప్పటినుంచో ఆడుకుంటున్న ఆటే ఇది. 1984లో కెనడాలో దాన్ని అట్టపెట్టెలో పెట్టి బాల్డర్‌డాష్ అని అమ్మారు. మనకి ఆ పెట్టె అక్కర్లేదు. ఒక నిఘంటువు, ఒకే రంగు పెన్నులు, చీటీలు వేయడానికి ఒక చెంబు చాలు. చీటీలకి పాత శుభలేఖలు కత్తిరిస్తాం. వెనకవైపు తెల్లగా ఉంటుంది, అట్ట మందంగా ఉంటుంది కాబట్టి రాసింది ఇవతలికి కనిపించదు.

ముందు పదాల సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఆటంతా ఇక్కడే ఉంది.

‘అంశుమాలి’ లాంటి సంస్కృత పదాలు మన ఇళ్లలో నిలబడవు. సంస్కృతం చదవకపోయినా విష్ణు సహస్రనామం, అష్టోత్తరాలు విన్న చెవులు ఇంటికి నాలుగైనా ఉంటాయి. పదాన్ని రెండు ముక్కలు చేసి ఊహిస్తే చాలాసార్లు దగ్గరికి వచ్చేస్తారు. అచ్చతెలుగు పదాలు అలా లొంగవు. వాటిలో ముక్కలు మనకి తెలిసినట్టే కనిపిస్తాయి, కానీ సంధిలో అక్షరం మారిపోయి ఉంటుంది, లేదా ఆ ముక్కకి మనం మర్చిపోయిన పాత అర్థం ఉంటుంది. మనిషి ధైర్యంగా తప్పుదారి పడతాడు. ఈ ఆటకి కావాల్సింది సరిగ్గా ఆ ధైర్యమే.

మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకునే పదం ‘పొలదిండి’. ఒక కనుమ రోజు సాయంత్రం కరెంటు పోతే లాంతరు పెట్టుకుని ఆడుతున్నాం. పదం తెచ్చింది నేను. చీటీలన్నీ చెంబులో పడ్డాక చూస్తే ముగ్గురు ‘పొలానికి పట్టుకెళ్లే చద్దిమూట’ అనే రాశారు. ఒకరు ‘పొలం కాపలాకి వెళ్లినవాళ్లు తలకింద పెట్టుకునే గడ్డి దిండు’ అన్నారు. ఇంటర్ చదివే మా ఆడపడుచు కొడుకు మాత్రం ఇలా రాశాడు: ‘కోతల రోజున రైతు కూలీలకి పెట్టే మధ్యాహ్నం అన్నం. అది తిన్నవాళ్లకి ఆ రోజు ధాన్యం కూలిలో ఒక తవ్వ తగ్గించేవారు.’

ఆ తవ్వెడు ధాన్యం దగ్గర అందరూ పడిపోయారు. జీవితమంతా వ్యవసాయం చేసిన మా మావయ్యగారు కళ్లు మూసుకుని తలాడిస్తూ ‘అవును, మా తాతగారి రోజుల్లో ఉండేది’ అని సాక్ష్యం కూడా చెప్పేశారు. ఇక ఓట్లకి అడ్డేముంది? నేను అసలు అర్థం విప్పాను. పొలదిండి అంటే రాక్షసుడు. ‘పొల’ అంటే మాంసం. మాంసం తిండిగా ఉన్నవాడు. సంధిలో తిండి కాస్తా దిండి అయింది. దానికి ఒక్క ఓటు కూడా పడలేదు. మావయ్యగారు లేచి, పశువులకి నీళ్లు పెట్టాలని వెళ్లిపోయారు.

ఇలాంటివే ఇంకొన్ని. ‘ఎలనాగ’ అంటే అందరికీ పాము గుర్తొస్తుంది, అసలు అర్థం పడుచుపిల్ల. ‘వెన్నెలపులుగు’ అంటే సగంమంది మిణుగురు పురుగు అంటారు, పులుగు అంటే పక్షి కాబట్టి అది చకోరం. ‘గాలిమేపరి’ అంటే పనీపాటా లేకుండా తిరిగేవాడని ప్రతిసారీ ఎవరో ఒకరు రాస్తారు, నిఘంటువులో అది పాము. గాలి మేసి బతుకుతుందని వెనకటివాళ్లు అనుకునేవారు. ‘చెవులపిల్లి’ అంటే కుందేలు. ఇది చదువుతున్నప్పుడు పిల్లలు అబద్ధమేనని ఎంత నమ్మకంగా ఉంటారో చెప్పలేను.

ఇక రాత్రి పొద్దుపోయాక, నాకన్నీ తెలుసని ఎవరైనా మీసం మెలేస్తుంటే ‘అని’ ఇవ్వండి. రోజుకి వందసార్లు నోట్లో ఆడే మాట. పాత తెలుగులో దానికి యుద్ధం అనే అర్థం ఉంది. ‘అమ్ము’ కూడా అంతే, బాణం. మొదటిసారి ‘అని’ ఇచ్చినప్పుడు మా మరిది చీటీ మీద ‘అని అంటే అని’ అని రాసి పడేశాడు. అది చదివేసరికి అరుగు మీద నవ్వులు ఆగలేదు. ఓట్లు మాత్రం సున్నా.

వదిలేయాల్సిన పదాలు కూడా ఉన్నాయి. మీ మూడో పదం లాంటివి. మన పాత నిఘంటువుల్లో కనీసం పేజీకొకటైనా ‘వృక్షవిశేషము’, ‘పక్షివిశేషము’ అని ఉంటుంది. అంటే ఏదో ఒక చెట్టు, ఏదో ఒక పిట్ట. అసలు అర్థమే అంత బోడిగా ఉంటే పట్టుకున్నా కిక్ ఉండదు, పట్టుకోకపోయినా బాధ ఉండదు. అలాగే ఆడవాళ్ల పేర్లు. తొయ్యలి, వెలది, లేమ, ఇంతి, కొమ్మ, ఏ పేజీ తిప్పినా అర్థం స్త్రీయే. రెండు ఆటలయ్యేసరికి ఎవరో ఒకరు ఈ కిటుకు పట్టేసి, పదం ఏదైనా సరే ‘ఆడది’ అని ఉన్న చీటీకి ఓటేయడం మొదలుపెడతారు. పూటకి ఒకటి చాలు. బూతుమాటని పోలిన పదాలు కూడా పక్కన పెట్టండి. చదివేటప్పుడు అత్తగారూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు.

నా లెక్కలో అన్నిటికన్నా మంచి పదం, అర్థం చెప్పగానే ‘అయ్యో, ఇది మన గుమ్మంలోదే కదా’ అనిపించేది. విజయనగరంలో మా వీధివాళ్లకి ఒకసారి ‘ఉంకువ’ ఇచ్చాను. వర్షం ముందు ఉక్కపోత అన్నారు, వంకర కాడ గరిటె అన్నారు, ఇంటి వెనక బూడిద పోసే గొయ్యి అన్నారు. ఉంకువ అంటే ఓలి, పెళ్లికూతురి కోసం ఇచ్చే డబ్బు, అంటే కన్యాశుల్కం. 1892లో గురజాడవారి నాటకం మొదటిసారి ఆడిన ఊళ్లో కూర్చుని, ఆ పేరుకి తెలుగు మాట ఏమిటో ఒక్కరమూ గుర్తుపట్టలేదే అని అందరూ నవ్వుకున్నారు. వాళ్లనేం అనను, నిఘంటువు చూడకముందు నాకూ తెలీదు.

నిఘంటువు ఏది కొనాలని అడుగుతారేమో. కొనక్కర్లేదు. ఆంధ్రభారతి సైటులో చాలా నిఘంటువులు ఒకేచోట వెతుక్కోవచ్చు. పదం తెచ్చేవాళ్లు ముందురోజే అక్కడ ఏరి, కాగితం మీద రాసుకుని రావాలి. ఆట మొదలయ్యాక ఫోన్లన్నీ ఒక బుట్టలో పడాలి. ఈ నియమం పెట్టకపోతే రెండో పదానికే ఎవరో బాత్రూంకని లేస్తారు.

పుస్తకాలే కావాలంటే నా మొదటి ఓటు బ్రౌన్ నిఘంటువుకి, 1852 నాటిది. అందులో అర్థాలు ఇంగ్లీషులో ఉంటాయి. అది లోపంలా కనిపిస్తుంది గానీ ఈ ఆటకి అదే వరం. అర్థాన్ని తెలుగులో మీరే చెప్పుకోవాలి కాబట్టి మీ మాటల్లోనే వస్తుంది. పైగా కచేరీల్లో, జమీందారీల్లో నలిగిన మాటలు అందులో బోలెడు. ‘ఉలుపా’ నాకు అక్కడే దొరికింది. ఊరికి వచ్చిన అధికారికి, పెద్దమనిషికి ఊరివాళ్లు డబ్బు పుచ్చుకోకుండా సమర్పించే బియ్యం, పప్పు, నెయ్యి వగైరా. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. పదాలు బాగా దొరుకుతాయి, అర్థాలు మాత్రం సంస్కృత పదాలతో క్లుప్తంగా ఉంటాయి, మార్చుకోవాలి. సూర్యరాయాంధ్ర నిఘంటువు చాలా సంపుటాలు, కావ్యాల నుంచి ఉదాహరణలతో ఉంటుంది. చదువుకోవడానికి బంగారం. ఆటలో ఒళ్లో పెట్టుకుంటే కాలు తిమ్మిరెక్కుతుంది.

రెండో తప్పు దగ్గరికి వస్తాను. ‘శల్యమృగము’ అని చదివారు. ఆ పక్కనున్న దొంగ అర్థాలేమో ‘పొలంలో నీళ్లు తోడే బకెట్టు’ లాంటి మాటల్లో ఉండి ఉంటాయి. గుంపులో ఒక్కడే పంచెకట్టుతో నిలబడితే అతనే పెళ్లికొడుకని ఎవరైనా చెప్తారు. ‘ఒళ్లంతా ముళ్లుండే అడవి జంతువు, రాత్రిళ్లు దుంపలు తవ్వుకుని తింటుంది’ అని రాసుకుని ఉంటే? ఏదు అంటే ముళ్లపంది అని మీవాళ్లు పట్టుకునేవారో లేదో చూద్దుం. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టింది మీ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. మీ ఇంట్లో గ్రాంథికంలో అర్థం చదివితే ఆయన ఊరుకుంటారా?

అందుకని పదం తెచ్చినవాళ్లే చీటీలన్నీ తీసుకుని, పక్కకి వెళ్లి, ఒక నోటుబుక్కులో తమ చేతిరాతతో వరసగా ఎక్కించుకోవాలి. అప్పుడు భాష ఒకే తీరున సర్దవచ్చు, అక్షరదోషాలు దిద్దవచ్చు. చదివేటప్పుడు ‘ఇదెవరి రాత, కుదరటం లేదు’ అని తడుముకునే పని ఉండదు. దొంగ చీటీ దగ్గర తడబడి, అసలు చీటీని గడగడా చదివేస్తే పదేళ్ల పిల్లకి కూడా తెలిసిపోతుంది. వరస మీరు నిర్ణయించకండి. ఎంత వద్దనుకున్నా మనిషి అసలుదాన్ని చివరినుంచి రెండోదిగా పెడతాడు, మావారిని పదిసార్లు ఇలాగే పట్టుకున్నాను. చెంబులోంచి ఏది వస్తే దాని ప్రకారం రాసుకోండి. అసలు అర్థం కూడా చీటీయై అదే చెంబులో పడాలి. పదం పలికేటప్పుడు కూడా పాత పుస్తకాల్లోని అరసున్నలు, బండిరలు చూపించకండి, ఇప్పటి రాతలో రాసి చూపించండి.

దొంగ అర్థం రాయడం ఎలా అన్నది మీరు అడగలేదు గానీ చెప్తాను, ఎందుకంటే రాసేవాళ్లకి చేతకాకపోతే పదం ఎంత మంచిదైనా వృథా. నవ్వించే అర్థానికి చప్పట్లు వస్తాయి, ఓట్లు రావు. నిఘంటువు ఎప్పుడూ జోకులెయ్యదని అందరికీ తెలుసు. శబ్దాన్ని పట్టుకుని వేలాడే అర్థానికీ ఓట్లు రావు, ఎందుకంటే అదే ఇంకో ముగ్గురికి తడుతుంది. ఎలనాగకి ఒకసారి నలుగురు ‘పిల్లపాము’ అని రాస్తే ఆ నాలుగూ కలిపి ఒకే అర్థంగా చదివాను, దాన్ని ఎవరూ నమ్మలేదు. ఆ రోజు గెలిచిన చీటీ ఇది: ‘పుట్టలో పాలు పోయడానికి వాడే చిన్న మట్టి ముంత. నాగుల చవితి అయ్యాక దాన్ని ఇంటికి తేకూడదు.’ పాముని వదల్లేదు, పాము దగ్గరా ఆగలేదు. ఒక అడుగు పక్కకి వేసింది. రెండో వాక్యంలో చిన్న నియమం పెట్టింది. తవ్వెడు ధాన్యం కూడా అలాంటిదే. మేము దాన్ని ‘తోక’ అంటాం. అర్థానికి తోక ఉండాలి, అది చప్పగా ఉండాలి. మరీ పొడుగైతే మాత్రం కోతి అని తెలిసిపోతుంది. రెండు వాక్యాలు దాటనివ్వకండి.

నిజం ఒక్కోసారి ఏ అబద్ధానికీ అందనంత వింతగా ఉంటుంది, అదీ పనికొస్తుంది. పదాలకి బదులు వస్తువుల పేర్లతో ఆడినప్పుడు ‘వాలుగ దవడ, ఇది ఏ పనికి?’ అని ఇచ్చాను. ఐదు చీటీలొచ్చాయి. నాటువైద్యంలో పంటినొప్పికి అరగదీసేది, జాలరి పడవ ముందు కట్టుకునేది, ఇలా అన్నీ నమ్మేట్టే ఉన్నాయి. అసలుది చదివితే ‘పత్తిని దువ్వి శుభ్రం చేసే పనిముట్టు’. అందరూ పక్కున నవ్వారు, చేపకీ పత్తికీ ఏం సంబంధం అని. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖద్దరు కోసం గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడతోనే దువ్వుతారు. సన్నటి పళ్లు దువ్వెనలా పనిచేస్తాయి. పొందూరు చీర కట్టుకుని కూర్చున్న మా పిన్ని కూడా పంటినొప్పికే ఓటేసింది.

పాయింట్లు చప్పున చెప్పేస్తాను. అసలు అర్థం పట్టుకుంటే రెండు. మీ అబద్ధానికి పడిన ప్రతి ఓటుకీ ఒకటి. అసలుదాన్ని ఎవరూ పట్టుకోకపోతే పదం తెచ్చినవాళ్లకి రెండు. ఎవరైనా నిజం అర్థమే రాసేస్తే వాళ్లకి రెండిచ్చి ఆ పదానికి ఓటు లేకుండా కూర్చోబెట్టండి. మీ బాబాయిగారి సమస్య దీంతో తీరిపోతుంది. ‘సూర్యుడు’ అని పైకి అరవకుండా చీటీ మీద రాస్తే పాయింట్లొస్తాయని ముందే చెప్పండి. మనుషులు ఆరుగురి నుంచి ఎనిమిదిమంది దాకా బావుంటుంది. పదిమందైతే పది అర్థాలు వినేసరికి మొదటిది మర్చిపోతారు. మీ ఇంట్లో పదిమంది అన్నారు కాబట్టి ఉద్దులు కట్టండి, ఇద్దరికీ కలిపి ఒక చీటీ.

ఒక రౌండు ప్రాంతాల పదాలకి వదలండి. దానికి నిఘంటువు కూడా అక్కర్లేదు. మా చిన్నల్లుడిది గుంటూరు వైపు. అతనికి ‘మదుం’ ఇస్తే ‘భోంచేశాక పట్టే మగత’ అని రాశాడు. ఇక్కడ పుట్టినవాళ్లకి చెరువు తూమని వేరే చెప్పాలా? ‘ఉభాలు’ అంటే ఉబ్బసానికి పాతపేరు అన్నాడు. వరినాట్లని తెలిశాక, ‘మరి నాట్లంటే ఏమైందండీ?’ అని నిజంగానే బాధపడ్డాడు. గెడ్డ (వాగు), చోళ్లు (రాగులు), బేగి (త్వరగా), అన్నీ అతని మీదే ప్రయోగించాం. అతను ఊరుకుంటాడా, మరుసటి ఏడు హైదరాబాదు స్నేహితుణ్ణి అడిగి ‘కుడుక’ పట్టుకొచ్చాడు. తెలంగాణలో ఎండుకొబ్బరి చిప్పని కుడుక అంటారు. ఆ రోజు మాతో ఆడుతున్న ఇద్దరిది ఉద్దానం, కొబ్బరితోటల మధ్య పుట్టినవాళ్లు. ఒకరు ‘కోడి గూడు’ అన్నారు, ఇంకొకరు ‘కుడితి తొట్టి’ అన్నారు. మీది పలాస కాబట్టి ఈ పదం తప్పకుండా వాడుకోండి. వ్యవసాయం పదాలు ఇంకా కావాలంటే భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తిరగేయండి. ఒకే పనిముట్టుకి ఏ జిల్లాలో ఏమంటారో ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఈ రౌండులో పదాన్ని చూసి నవ్వాలి గానీ యాసని చూసి కాదు. మన వైపు పిల్లలు బయట చదువులకి వెళ్లినప్పుడు ఆ నవ్వులు చాలానే పడి ఉంటారు. ఇంట్లో కూడా అదే జరిగితే నోరు విప్పరు.

నా తప్పు ఒకటి కూడా చెప్పాలి. బడిలో ఒక ఏడు ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవానికి, ఎనిమిదో తరగతితో ఈ ఆట ఆడించాను. ఏడు పదాలు. గంట కొట్టేసరికి చివరి మూడింటికీ ఓట్లు లెక్కపెట్టాం గానీ అసలు అర్థాలు చదవడం కుదరలేదు. రేపు చెప్తానన్నాను, మర్నాడు ఇన్‌స్పెక్షను, మర్చేపోయాను. ఆ మూడింట్లో ‘ఓగిరం’ ఒకటి. అంటే అన్నం, భోజనం. ఒకబ్బాయి దానికి ‘దూడ పాలు తాగకుండా మూతికి కట్టే ముళ్ల పట్టీ’ అని రాశాడు, పాపం బాగా రాశాడు, తొమ్మిది ఓట్లొచ్చాయి. యూనిట్ పరీక్షలో పద్యంలో ఓగిరం వస్తే పదకొండుమంది నాకు దూడ మూతి పట్టీ రాసి ఇచ్చారు. ఆ మార్కులు కొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు, వెయ్యడానికీ రాలేదు. ఆ ప్రశ్నే తీసేశాను. అప్పటినుంచి ప్రతి పదానికీ అసలు అర్థం రెండుసార్లు చదివి, వాడుకలో ఒక వాక్యం చెప్పి, దొంగ చీటీలు చింపేశాకే తర్వాతి పదానికి వెళ్తున్నాను. చిన్నపిల్లలతో ఆడేవాళ్లు ఇది అస్సలు మర్చిపోవద్దు. మంచి అబద్ధం నిజంకంటే గట్టిగా గుర్తుంటుంది.

ఇక మీ నాయనమ్మగారు. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టి చూడమనకండి, ఆడించండి. ఆట ఆడని ఒక పిల్లనో పిల్లాడినో ఆవిడకి రాయసగాడిగా ఇవ్వండి. ఆవిడ చెవిలో చెప్తే వాళ్లు రాస్తారు. చదువుకున్నవాళ్లం పదాన్ని విరగ్గొట్టి చూస్తాం, ఆవిడ ఆ పని చెయ్యరు. తనకి తెలిసిన బతుకులోంచి ఒక వస్తువుని తీసి ఆ పేరు తగిలిస్తారు. ఓడించడం కష్టం.

మా అత్తగారు వేలిముద్ర మనిషి. మొదటిసారి ఆడినప్పుడు పదం ‘పసదనం’. పండితుణ్ణో కళాకారుణ్ణో మెచ్చుకుని ఇచ్చే బట్టలు, నగలు అని అసలు అర్థం. ఆవిడ మా చిన్నదాని చెవిలో ఏదో చెప్పింది. నేను చెంబులోంచి తీసి చదివాను: ‘ఆవు ఈనినప్పుడు ఇరుగుపొరుగు జున్నుపాలు పంపుతారు కదా, ఆ గిన్నె ఖాళీగా పంపకుండా అందులో వేసే గుప్పెడు బియ్యం.’ ఓట్లన్నీ దానికే. నేను అసలుది చెప్పగానే అందరూ ఆవిడ మీద పడ్డారు, ఇంత అబద్ధం ఎలా ఆడావని. ఆవిడకి కోపమొచ్చింది. ‘అబద్ధం ఏటి? మనం ఏత్తం గదా. దానికి పేరే నేదు, ఇప్పుడెట్టాను’ అంది.

ఆవిడ పోయి నాలుగేళ్లయింది. మొన్న ఎదురింటివాళ్లు జున్నుపాలు పంపితే, గిన్నె కడిగి తిరిగి ఇచ్చేముందు మా మనవరాలు వంటింట్లోంచి అరిచింది: ‘అమ్మమ్మా, పసదనం వేశావా?’ నేను తెలుగు టీచర్ని, దిద్దాలి. బియ్యం డబ్బా మూత తీశాను.